గంజి పెట్టిన విమానం

రాసుకో బిడ్డా. ముందే ఒక ఒప్పందం చేసుకుందాం. నేను చెప్పేది పుస్తకం తెలుగులోకి దిద్దుకుంటానన్నావు, దిద్దుకో, నాకేం ఫికర్ లేదు. కానీ మా వాళ్ల మాటల జోలికి పోకు. ముఖ్యంగా మా అత్త మాటల జోలికి. ఆమె ఎట్లా అన్నదో అట్లాగే రాయాలి. బతికున్నన్నాళ్లూ ఆమె మాటను దిద్దినవాళ్లెవరూ మా ఇంట్లో ప్రశాంతంగా అన్నం తినలేదు.

మేము విమానం కొన్నాం. నవ్వడం ఆపి రాయి. వరంగల్లులో, జంపఖానాలు నేసే ఇంట్లో, రెండు గుంట మగ్గాలు తప్ప వేరే మిషనన్నదే లేని ఇంట్లో, మేము విమానం కొన్నాం. పెద్దదేం కాదు. మన ఆటోకు మూడింతలు ఉంటుందేమో. పైన ఒక జత రెక్కలు, కింద ఒక జత, మధ్యలో కర్రలు, తీగలు. ఇద్దరు కూర్చోవచ్చు, ఒకరి వెనక ఒకరు, తల బయటికి పెట్టుకుని. ఊళ్లకు పోవడానికి కాదు అది, గాలిలో పల్టీలు కొట్టడానికే చేశారట. డెబ్బైల చివరి మాట ఇది. మీ నాన్న ఇంకా పలక మీద అక్షరాలు దిద్దుతున్నాడు, సగం పలకను నాకేస్తున్నాడు.

కొన్నది మా మరిది కోసం. మరిది అంటే మీ తాత తమ్ముడు. చిన్నప్పుడు మామునూరు విమానాల మైదానం దగ్గర కంచె పట్టుకుని నిలబడి నిలబడి, పెద్దయ్యాక ఎట్లాగో కంచె లోపలికి చేరాడు. పత్తి చేల మీద విమానంతో పురుగుమందు కొట్టే పైలటయ్యాడు. పదేళ్లు ఆ పనే. పత్తి మీద తలెత్తు ఎత్తులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు. ఇంటికొచ్చినప్పుడల్లా నాతో ఒకటే మొర.

"వదినా, నేను గూడ మగ్గం మీదనే ఉన్ననే. ఆడ మీరు నేస్తాన్రు, మీద నేను నేస్తాన. ఒక్కసారన్న సీదా మీదికి పోయి తలకిందులు కావాలె."

ఆ ఏడు మందు కొట్టే కంపెనీ మూతపడింది. మరిది ఇంటికొచ్చి మగ్గం గుంతలో కూర్చున్నాడు. పొడుగు మనిషి, మోకాళ్లు కర్రకు తగిలేవి. చేతులు మగ్గం మీద, చూపు పైకప్పు మీద. అతను నేసిన జంపఖానాల్లో గీతలన్నీ ఒక పక్కకు పైకి లేచేవి. అంగడిలో షావుకారు ఆ జంపఖానా పరిచి, మెడ వంకర పెట్టి చూసి, వాపసు ఇచ్చేవాడు.

ఒకరోజు అన్నాల దగ్గర మరిది మెల్లగా మాట తీశాడు. మా ఇంట్లో అమ్మను అవ్వా అనే పిలిచేవాళ్లు.

"అవ్వా, హైదరాబాదుల ఒకాయన ఇమానం అమ్ముతాండట."

"వంకాయలు అమ్ముతాండన్నట్టె అంటానవ్ గదరా," అంది అత్త.

"చిన్నదే అవ్వా. పల్టీలు కొడతది."

"పల్టీ కొట్టేదాన్ని ఎవలన్న కొంటరార? పల్టీ కొట్టించిందనే గద మన బండిని అమ్మేసినం!"

"జాతరలకు పిలుస్తరు, ఎగ్జిబిషన్లకు పిలుస్తరు. జనం సూస్తరు. నేర్సుకుంటమని పోరగాండ్లొస్తరు. లేకుంటె గీ గుంతలనే నా బతుకు ఎల్లిపోతది."

అత్త గోడకు ఆనించి ఉన్న వంకర జంపఖానా వైపు చూసింది. "నువ్వు గిట్లనే నేస్తె మా బతుకులు గూడ ఎల్లిపోతయి," అంది. "సరే. సూసొద్దాం. సూస్తనన్న. కొంటననలే."

అతని పదేళ్ల జీతం ఆమె సందుగలో ఉండేది, తాళపుచెవి ఆమె నడుముకు ఉండేది. అందుకని ఆమె సరేనంటేనే విమానం. కాదంటే గుంత. అంతే సంగతి.

మా అత్త ఏదీ కళ్లతో చూసి కొనేది కాదు. బట్టయితే వేళ్లతో చూసేది. బండయితే నీళ్లతో చూసేది. కొత్త ఎడ్లబండి గానీ, కొత్త రిక్షా గానీ ఎక్కాలంటే ఇత్తడి చెంబు నిండా నీళ్లు తీసుకుని ఒళ్లో పెట్టుకునేది. దిగేసరికి చుక్క ఒలకలేదా, బండి మంచిది, తోలేవాడు మంచివాడు. ఒలికిందా, వాడి మూడు తరాలను తలచుకునేది. పెళ్లిచూపులప్పుడు నా చేతికి కూడా ఆ చెంబే ఇచ్చి వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొసకు నడవమంది. రెండు చుక్కలు ఒలికాయి. చేసుకోవడమైతే చేసుకున్నారు గానీ, నా చేతిలో ఏ గిన్నె కనబడినా, "పైలం, ఆ రెండు సుక్కలు యాదికున్నయి," అనేది.

సరే, బస్సెక్కి హైదరాబాదు పోయాం. అత్త, మరిది, నేను. మీ తాత మగ్గాలు చూసుకుంటానని ఉండిపోయాడు. అమ్మేది ఒక ముసలి సాబు. తెల్ల షేర్వాణీ, నోట్లో పాన్. ఊరి బయట ఆయనకొక రేకుల షెడ్డుంది, అందులో రెండు విమానాలున్నాయి, రెండూ రెండేసి రెక్కలవే. ఒకటి పసుపుది, మా వాళ్ల మాటలో పచ్చది, ఇంకొకటి ఎర్రది. పసుపుదాన్ని చూడగానే మా మరిది మొహం చూడాలి! పెళ్లికొడుకులకు కూడా అట్లాంటి మొహం ఉండదు.

సాబు ఇంజను తిప్పించాడు. "సునో అమ్మా, గడియారం లెక్క నడుస్తది. దీన్ని తలకిందులు చేసినా దగ్గు రాదు, బుఖార్ రాదు."

అత్త ఇంజను వైపే చూడలేదు. తిన్నగా రెక్క దగ్గరకు పోయింది. ఆ విమానాలకు రెక్కలంటే రేకులు కావు, తెలుసా? లోపల సన్నటి కర్రల చట్రం, దాని మీద బిగించి కుట్టిన బట్ట. నూలు బట్టే! దాని మీద వార్నిష్ లాంటి మందు పూస్తారు. అత్త రెక్క అంచును బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని నలిపింది. గోరుతో గీకింది. మందు లేచిపోయిన చోట వేలు తడి చేసి రాసి, వాసన చూసింది. పక్కనున్న ఎర్ర విమానానికీ అదంతా చేసింది. తిరిగొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎర్రది తీసుకుందాం."

సాబుకు పాన్ గొంతులో అడ్డం పడింది. "అమ్మా, ఎర్రదాని ఇంజన్ ఖతం ఉన్నది. నేనే చెప్తున్నా!"

"ఇంజను సంగతి నాకెర్కలేదు. దాని బట్ట మంచిగుంది. పేక దగ్గర దగ్గర కొట్టిన్రు. పచ్చదానిది పల్సగ జల్లెడున్నట్టుంది. ఇది ఎవడు నేసిండో గని చేతుల సత్తువ లేనోడు నేసిండు."

"అవ్వా, ఎగిరేది ఇంజను తోటి," అన్నాడు మరిది.

"ఎగిరేది రెక్కల తోటి. పిట్టకు ఇంజనుందార?"

ఆ మాటకు సాబు కూడా ఆలోచనలో పడ్డాడు. అట్లా చాలాసేపు తల్లీ కొడుకూ రెండు విమానాల మధ్య నిలబడి గొడవపడ్డారు. నేను నీడలో కూర్చున్నాను. ఆఖరికి మరిది నా దిక్కు చూశాడు. ఏదో ఒకటి చెప్పు వదినా అన్న చూపు. నేను నోరు తెరిచాను, అది నా తప్పే అనుకో. "అత్తా, పచ్చదాన్నే కొని, బట్ట మనమే నేసుకుంటె కాదా?" అన్నాను.

అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. పెళ్లయ్యాక అన్నేళ్లలో మొదటిసారి ఆ రెండు చుక్కల మాట ఎత్తలేదు. "గట్లయితె అయితది," అంది. "పరాయోని బట్ట మీద నా కొడుకును నేనైతె తలకిందులు చెయ్య."

తర్వాత బేరం. చీరెల దుకాణంలో ఎట్లా చేసేదో అట్లాగే చేసింది. రెండుసార్లు లేచి వెళ్లిపోయింది, రెండుసార్లూ సాబు పిలిచాడు. చివరికి రెండు షరతులు పెట్టింది. నచ్చకపోతే దసరా లోపల వాపస్ తీసుకోవాలి. కొసరు ఇవ్వాలి.

"విమానానికి కొసరేందమ్మా!" అన్నాడు సాబు.

"ఏది కొన్నా కొసరుంటది."

రెండు తోలు టోపీలు ఇచ్చాడు పాపం, చెవుల మీదికి దిగి గదవ కింద కట్టుకునేవి. మరిది విమానాన్ని మామునూరుకు తోలుకుపోయాడు. "సీదా పో, యాడ గూడ పల్టీ గిల్టీ కొట్టకు," అని అత్త కేక వేసింది. మేము బస్సులో వచ్చాం. కిటికీ పక్కన గాలి కొడుతోందని అత్త తోలు టోపీ పెట్టుకుంది. కండక్టరు టికెట్ కొడుతూ ఆమెనే చూస్తున్నాడు. "ఏం సూస్తానవ్, ఇమానం కొన్నం," అంది. అతను చిల్లర కూడా మారుమాట లేకుండా ఇచ్చాడు.

ఇంటికొచ్చాక నేత మొదలైంది. మొదట అత్త జంపఖానానే రెక్కలకు తొడుగుదామంది. "మన ఇంట్ల దానంత గట్టిది లేదు."

మరిది చేతులు జోడించాడు. "అవ్వా, జంపఖానా తొడిగితె అది లేవదు. పెండ్లిల పరుసుకోను పనికొస్తది."

అందుకని వాడకట్టులో సన్న చీరెలు నేసే వాళ్ల మగ్గం అడిగి తెచ్చుకున్నాం. పగలంతా అత్తా, మీ తాతా వంతులేసుకుని నేశారు. నేను నూలు కండెలు చుట్టి, తెగిన పోగులు అతికించాను. పోగు పోగుకూ మధ్య గాలి కూడా దూరకూడదని అత్త పట్టు. ఆ బట్ట ఎవరి పెళ్లికని వాడకట్టు ఆడవాళ్లు అడిగితే, "ఇమానానికి లాగు కుడతానం," అని మీ తాత చెప్పేవాడు.

బట్టల మూట పట్టుకుని మామునూరు పోయి, పాత బట్ట ఊడదీసి, కొత్తది ఆ కర్రల మీద గుంజి కుట్టాం. మైదానం చివర పైకప్పు మాత్రమే ఉన్న పాత షెడ్డొకటి ఉండేది, విమానం దాని కిందే. ఇక మందు పూయాలి. మందు డబ్బాలు తేవడానికి మరిది హైదరాబాదు పోయాడు. "నాలుగు రోజుల్ల వస్త. మీరేం ముట్టకున్రి," అని చెప్పి మరీ పోయాడు.

ముట్టకున్రి అంటే మా అత్త ఊరుకుంటుందా? రెండో రోజు రెక్క మీద వేలితో కొట్టి చూసింది. "బట్ట సడలింది. బిగువుండాలంటె గంజి పెట్టాలె."

"మందు తెస్తాండు గద అవ్వా," అన్నాడు మీ తాత.

"ఆ మందు ఎందుకు? బట్ట బిగుసుకోను. గంజి ఎందుకు? బట్ట బిగుసుకోను. ఇంట్ల ఉన్నదాని కోసం హైదరాబాదు పోయిండు పిచ్చోడు!"

నిజం చెప్పాలా? నాకూ, మీ తాతకూ కూడా ఆ మాట సబబుగానే అనిపించింది. నేతపని వాళ్లం మేము. పుట్టినప్పటి నుంచి పడుగు పోగులకు గంజి పెట్టి బిగిస్తున్నాం. మాకంటే బాగా ఎవరు పెడతారు? బియ్యప్పిండితో పెద్ద గుండిగ నిండా గంజి కాచాం, అందులో కొంచెం మంచినూనె వేశాం. కుంచెలతో నాలుగు రెక్కలకూ పట్టించాం. మిట్టమధ్యాహ్నానికి ఆరింది. వేలితో కొడితే డప్పులా మోగింది! మీ తాత నిజంగానే దరువు వేశాడు. అత్త రెక్క చుట్టూ తిరిగి చూసుకుని, "గిది పని," అంది.

మర్నాడు పొద్దున మేం చద్ది కట్టుకుని పోయేసరికి షెడ్డు కింద మేకలున్నాయి. ఇరవై ముప్పై ఉంటాయి. నువ్వొకటి గుర్తుపెట్టుకో, ఆ విమానానికి కింది రెక్క సరిగ్గా మేక మూతి ఎత్తులో ఉంటుంది. గంజిని నాకి నాకి, తడిసిన బట్టను కొరికి కొరికి, కింది రెక్కలు రెండింటినీ తినేశాయి. పై రెక్కలు అందలేదు. ఒక పోతు మాత్రం పైలటు కూర్చునే చోట ముందు కాళ్లు పెట్టి పైకి ప్రయత్నం చేస్తోంది.

మేకలు కాసే ముసలామె తాపీగా కర్ర మీద ఆనుకుని నిలబడింది. అత్త ఆమె మీదికి పోయింది.

"ఓ అక్కా! నీ మేకలు నా ఇమానం తిన్నయి!"

"తింటే ఏం బాగుపడ్డయి? రెండింటికి కడుపుబ్బింది. గుడ్డకు గంజి పెట్టి మేకల ముంగట ఎవలన్న ఆరేస్తరా?"

"ఆరేసిందానే అది? ఇమానమే!"

"ఇమానమైతె మీద ఉండాలె. నా మేకలు కింద మేస్తానయి."

బిడ్డా, ఆ మాటకు మా అత్త తలెత్తి పై రెక్కల వైపు చూసుకుంది.

మరిది నెత్తిన డబ్బాలు పెట్టుకుని వచ్చాడు. కింద కర్రల చట్రం, పైన మోగే రెక్కలు, అక్కడక్కడా పీలికలు. డబ్బాలు దించి వాటి మీదే కూర్చున్నాడు. ఊడిన పీలికలను ఒక్కొక్కటే ఏరి ఒళ్లో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. దసరాకు ఇంక ఎక్కువ రోజులు లేవు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కింది రెక్క ఎందుకు పెట్టిన్రురా అసలు?" అంది మెల్లగా. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, "సరే. లేన్రి. మల్ల నేద్దాం," అంది.

ఈసారి మగ్గం ఒక్క గడియ కూడా ఆగలేదు. మరిది కూడా గుంతలో కూర్చుని నేశాడు. అతను నేసిన గజాల్లో ఒక్క పోగు వంకర పోలేదు, అత్త వేళ్లతో తడిమి చూసి మరీ చెప్పింది. బట్ట కుట్టి, పై రెక్కల గంజి కడిగి, పసుపు రంగు కలిపిన ఆ మందు అన్నిటికీ పూశాం. ఎంత ఘాటంటే మూడు రోజులు మాకు కూర వాసన తెలియలేదు. మేకలు దూరం నుంచే తుమ్మి వెళ్లిపోయాయి. విమానాలు తనిఖీ చేసే ఇంజనీరొకాయన వచ్చి, ఒక బట్ట ముక్కను గుంజి, తూచి, చించి చూసి, కాగితం మీద సంతకం పెట్టాడు. "బట్ట ఎక్కడ కొన్నారు?" అని అడిగాడు. అత్త మొహం పక్కకు తిప్పుకుంది గానీ, ఆ రోజంతా నడకే మారిపోయింది.

దసరాకు రెండు రోజులుందనగా అసలు పరీక్ష. అత్త నిండు చెంబుతో వచ్చింది. ఒక తోలు టోపీ తనకు, రెండోది మరిదికి.

"అవ్వా, పల్టీల నీళ్లు ఆగుతయా అని అడిగేటోళ్లు నువ్వు తప్ప ఎవలుండరు," అన్నాడు మరిది.

"సుక్క ఒలికిందా, రేపే సాబుకు వాపస్. గుంత నీ కోసమే సూస్తాంది."

ముందు సీటులో అత్త, వెనక సీటులో మరిది. ఆ విమానాల్లో తోలేవాడే వెనక కూర్చుంటాడు. అంటే అతనికి ఆమె టోపీ కనబడుతుంది గానీ చెంబు కనబడదు. సీటు పటకాలు బిగించేటప్పుడు ఒకే పటకాను అతను మూడుసార్లు విప్పి కట్టడం నేను చూశాను. పత్తి చేల మీద పదేళ్లు తిరిగినవాడు, ఒక చెంబుకు బెదిరాడు.

లేచింది. మా బట్టే, మా పోగులే, ఎండలో పసుపుపచ్చగా మెరుస్తూ లేచింది. పైకి, ఇంకా పైకి. ఒక్కసారి ముక్కు కిందికి దించి, మళ్లీ ఎత్తి, ఎత్తి, అట్లాగే వెనక్కి... మీ తాత కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. మా అత్త ఆకాశంలో తలకిందులుగా ఉంది బిడ్డా. ఎంతమంది కోడళ్లకు దక్కుతుంది ఆ దృశ్యం? గుండ్రంగా, ముగ్గు గీసినట్టు తిరిగి సీదా అయింది. మేకల ముసలామె దూరం నుంచి కర్ర ఎత్తి ఊపింది.

దిగి ఆగింది. మరిది గబగబా దూకి ముందు సీటు దగ్గరకు పోయి చెంబులోకి తొంగి చూశాడు. చుక్క లేదు. ఎండిపోయి ఉంది. అతను టోపీ తీసేశాడు. రెక్క మీద చెయ్యి వేసి, ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపుతున్నట్టు ఒకసారి నిమిరాడు.

"అయిపాయె. రేపు తోలుకపోయి సాబుకిస్త."

"ఎందుకియ్యాలె?" అంది అత్త, కూర్చున్న చోటనే.

"మరి నీళ్లేడ పోయినయి అవ్వా?"

"తాగిన."

"ఎప్పుడు?"

"నువ్వు తలకిందులు చేసినప్పుడే. భూమి వొచ్చి నా నెత్తి మీద నిలవడ్డది. నోరెండిపాయె. ఏం జెయ్యాలె? ఒళ్లె చెంబుండె, ఎత్తుకుని తాగిన."

మరిది నమ్మలేదు. అత్త లేచి నిలబడి చీర పరిచి చూపించింది. మేమంతా కొంగూ, కుచ్చిళ్లూ తడిమి చూశాం. పొడి పొడి. ఒక్క తడి మచ్చ లేదు.

"భయపడ్డవా అవ్వా?" అన్నాడు మీ తాత.

"భయమెందుకురా? దూపయింది," అంది. కానీ రెండు చేతులతో రెక్క పట్టుకునే కిందికి దిగింది. దిగాక మరిది చెంప మీద చిన్నగా ఒకటి కొట్టింది. "వాపస్ లేదు గీపస్ లేదు. బట్ట నేసింది మనం, ఇచ్చెటందుకా? ఇగ నువ్వు గుంతల కూసోకు. నీ కాళ్లు ఎట్లైన గుంతల పట్టవు."

మరిది నవ్వాడో ఏడ్చాడో నేను చెప్పలేను. మందు ఘాటుకు అందరి కళ్లలోనూ నీళ్లున్నాయి.

అప్పుడు అత్త ఆ ఖాళీ చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నింపుకో. ఇగ నువ్వెక్కు."

"నేనా అత్తా?"

"ఔ. గా రెండు సుక్కల సంగతి ఇయ్యాల తేల్సుకుందాం."

ఎక్కాను. వరంగల్లు ఒకసారి నా కాళ్ల కింద ఉంది, ఒకసారి నా నెత్తి మీద ఉంది, ఒకసారి ఎక్కడుందో తెలియలేదు. నీళ్లు మాత్రం, తాడు కట్టి గిర్రున తిప్పిన చెంబులో లాగా, బుద్ధిగానే ఉన్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి. వాటినేం అనడానికి లేదు. నేనే "ఓ దేవుడో" అని చేతులు రెండూ పైకెత్తాను. చెంబు కూడా చేతుల్లోనే ఉంది కదా, ఒళ్లోకి వంగింది.

దిగగానే, ఆమె అడగకముందే, "తాగిన అత్తా," అన్నాను.

అత్త చెంబు వైపు చూడలేదు. నా కుచ్చిళ్ల వైపు చూసింది. నడుము నుంచి పాదాల దాకా తడిసి కాళ్లకు అతుక్కుపోయి ఉన్నాయి.

"ఔనౌను," అంది. "మోకాళ్లతోని తాగినట్టున్నవ్."